నడుము నొప్పి: ఏ వైద్యం ఎంతకాలం నిలిచింది

ఎమ్మారై రిపోర్టు చదివాక నా నడుము నొప్పి ఇంకా పెరిగింది. వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కులు అరిగాయట, ఒకటి బయటకు ఉబ్బిందట. అది చదివిన దగ్గర్నుంచి కింద పడిన పెన్ను తీయాలన్నా భయమే. అప్పటికే నొప్పి మొదలై మూడు నెలలు దాటింది, అంటే వైద్యుల లెక్కలో దీర్ఘకాలిక నొప్పి కిందికి వచ్చేసింది. నొప్పే లేనివాళ్ల స్కాన్‌లను పరిశీలించిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2015లో లెక్క తీశారని తర్వాత తెలిసింది. 20 ఏళ్ల వాళ్లలోనే 37 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపించింది. 80 ఏళ్ల వాళ్లలో అది 96 శాతం. ఈ ముక్క రిపోర్టు చేతికిచ్చేటప్పుడే ఎవరైనా చెబితే ఎంత బాగుండేది!

తిరగని చోటు లేదు కాబట్టి నాకంటూ ఒక కొలత పెట్టుకున్నాను. చేయించుకున్న గంటలో ఎంత హాయిగా ఉందన్నది కాదు, ఆపేశాక ఆ హాయి ఎంతకాలం నిలిచిందన్నదే చూశాను.

వాపు తగ్గించే మాత్రలు పనిచేశాయి, వేసుకున్నంత కాలం. కడుపులో మంట మొదలయ్యేసరికి దానికి ఇంకో మాత్ర. నరాలకని ప్రీగాబలిన్ రాశారు. దాంతో పగలంతా మత్తు, నొప్పి మాత్రం అలాగే ఉంది. కాలికి పాకని నడుము నొప్పికి ఆ మందు వాడొద్దని బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. బెల్టు పెట్టుకుంటే ధైర్యంగా ఉండేది, తీస్తే నడుము నాది కానట్టు ఉండేది. నడుమును లాగి సాగదీసే ట్రాక్షన్ మీద పడుకున్నంతసేపూ సుఖమే. లేచి ఇంటికొచ్చేలోపు మామూలే. కరెంటు ప్యాడ్లు, ధ్వని తరంగాలతో చేసే అల్ట్రాసౌండ్ వైద్యం కూడా అంతే. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో బెల్టు, ట్రాక్షన్, కరెంటు ప్యాడ్లు, అల్ట్రాసౌండ్ నాలుగూ మామూలుగా వాడొద్దనే జాబితాలోనే ఉన్నాయి. క్లినిక్కుల్లో మాత్రం ముందు ఆ మెషీన్లే ఆన్ చేస్తారు.

మసాజ్‌ని తీసిపారేయను. ఆ రాత్రి నిద్ర పట్టేది. నిద్ర పట్టిన మర్నాడు నొప్పి తక్కువగా ఉండేది. అంతకు మించి అడగడం అత్యాశ.

వెన్నులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయమని నేనే అడిగాను. కాలికి పాకని నొప్పికి దానితో లాభం లేదని డాక్టరుగారు ఒప్పుకోలేదు. ఆపరేషన్ మాటా అంతే. మా బంధువు ఒకాయనకు డిస్క్ నరాన్ని నొక్కి కాలంతా లాగేది, ఆయనకు ఆపరేషన్‌తో చాలా త్వరగా తగ్గింది. నాది ఆ జబ్బు కాదు. ఒక్కటి మాత్రం డాక్టరుగారు నొక్కి చెప్పారు: మూత్రం ఆగిపోయినా, అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, కాళ్లు బలహీనపడుతున్నా, అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి రావాలి.

మిగిలింది వ్యాయామం. ఇది చాలా విసుగు పుట్టించే వైద్యం. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తడం, చేతులూ మోకాళ్ల మీద ఉండి ఎదురెదురు చెయ్యీ కాలూ చాపడం. ఇంతేనా అనిపించింది. పైగా మొదటి వారాల్లో నొప్పి ఎక్కువైంది. ఏదో చెడగొట్టుకుంటున్నానని ఫిజియోథెరపిస్ట్‌కి చెబితే, ‘‘రేపు పొద్దుటికి మళ్లీ మామూలు స్థాయికి వస్తే ఈరోజు చేసింది ఎక్కువ కాదండీ, ఆపకండి’’ అన్నారు. ఆ ఒక్క మాట మందులన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది. నొప్పి వచ్చిందంటే ఏదో తెగినట్టేనన్న టెన్షన్ మెల్లగా పోయింది. వంగడం మానేసిన మనిషిని, చిన్న బరువులతో వంగి లేవడం మొదలుపెట్టాను. నొప్పి పదికి ఎంత అని అడిగితే అప్పటికీ పాత అంకెలే చెప్పేవాణ్ణి. కానీ కుర్చీలో సినిమా మొత్తం కూర్చోగలిగాను, షూ లేసు నేనే కట్టుకున్నాను.

నడక తర్వాత చేరింది. నడుము నొప్పి నుంచి కోలుకున్నవాళ్ల మీద ఆస్ట్రేలియాలో జరిగిన ప్రయోగం ఫలితాలు 2024లో వచ్చాయి. ఫిజియోథెరపిస్టుల సలహాతో క్రమంగా నడక పెంచిన వాళ్లలో సగం మందికి నొప్పి తిరగబెట్టేసరికి 208 రోజులు పట్టింది, మిగతా వాళ్లలో 112 రోజులు. నాకు నమ్మకం కుదిరింది మాత్రం అంకెలతో కాదు. ఊరెళ్లి కొన్ని వారాలు వ్యాయామం వదిలేసినా నడుము వెంటనే పట్టేయలేదు. బెల్టు తీసిన రోజున అలా లేదు.

అందరూ పరుపు గురించి అడుగుతారు. గట్టి నేల మీద పడుకోవాలన్న సలహా నేనూ పాటించాను, భుజాలు కూడా నొప్పెట్టాయి. 2003లో ఇలాంటి నొప్పి ఉన్నవాళ్ల మీద చేసిన ఒక ప్రయోగంలో గట్టి పరుపు కంటే మధ్యస్థంగా ఉన్నదే మేలని తేలింది.

నొప్పి పూర్తిగా పోలేదు. దూర ప్రయాణమైతే మధ్యలో లేచి తిరుగుతాను, మరీ పట్టేస్తే రెండు మూడు రోజులు మాత్ర వేసుకుంటాను. వ్యాయామం మాత్రం ఆ రోజుల్లోనూ మానను, తగ్గిస్తానంతే.