కొల్లూరు నుంచి ఆఫీసుకి సైకిల్ మీద

ఈ మధ్య ఆఫీసుకి సైకిల్ మీదే వెళ్తున్నా. కొల్లూరులో ఉంటాం కాబట్టి హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కనున్న సోలార్ సైకిల్ ట్రాక్ మాకు దగ్గర. 2023 అక్టోబర్ 1న మొదలైంది. మొదలైనప్పుడు మొత్తం 23 కిలోమీటర్లు, నాలుగున్నర మీటర్ల వెడల్పు. చాలా మేర పైన కరెంటు తయారుచేసే సోలార్ పలకల కప్పు, 16 మెగావాట్ల సామర్థ్యం. ఎండలో నెత్తి మాడదు, చినుకులు పడినా ఆగక్కర్లేదు. హైదరాబాద్‌లో వెనక నుంచి హారన్ మోత లేకుండా తొక్కడం ఎంత హాయో తొక్కితే గానీ తెలీదు!

అసలు టెన్షన్ నార్సింగి దగ్గర ట్రాక్ దిగాకే. రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకులు, రోడ్డు అంచున పేరుకున్న ఇసుక. బ్రేక్ గట్టిగా పట్టామా, ముందు చక్రం జర్రున జారుతుంది. అక్కడ నేను దిగి నడిపించుకుంటూ వెళ్తా. పొద్దున షిఫ్టుకి వెళ్లే సెక్యూరిటీ వాళ్లు, హౌస్‌కీపింగ్ వాళ్లు మాత్రం టిఫిన్ బాక్సు హ్యాండిల్‌కి తగిలించుకుని అదే ఇసుకలో తొక్కుతుంటారు. వాళ్లది సరదా కాదు, ఆటో చార్జీలు మిగలాలి. ముందు వీళ్ల దారి బాగుచేయాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మా ఆఫీసు సెల్లారులో సైకిల్ స్టాండు లేదు. "సార్, ఆ పిల్లర్‌కి తాళం వేసుకోండి, నేను చూస్తుంటాలే" అన్నాడు గార్డు. స్టాండు కావాలని మెయిల్ పెట్టాను. మీ ఆఫీసుల్లోనూ అడగండి. కొల్లూరు, కోకాపేట వైపు నుంచి ఎవరైనా వస్తుంటే చెప్పండి, పొద్దున్నే కలిసి బయల్దేరదాం.