అమ్మతో ప్రార్థన వద్దన్న రాత్రి

"ఏప్రిల్ 2వ తేదీ పేజీ మాత్రం నీ పక్కన కూర్చుని చదవనమ్మా" అంది మా అమ్మాయి. బళ్లో వాళ్లకి ఆన్ ఫ్రాంక్ డైరీ పాఠం, రెండో ప్రపంచయుద్ధంలో నాజీలకి దొరక్కుండా ఇంట్లోవాళ్లతో దాక్కున్న యూదు పిల్ల రాసుకున్నది. పిల్లలతో కలిసి ఆ డైరీ చదివే తల్లులంతా తడబడేది ఆ పేజీ దగ్గరే.

అది 1943 నాటి సంగతి. రాత్రి పడుకోబోయే ముందు ఆన్ ప్రార్థన తండ్రి ఒట్టో వినాలి. ఆయన ఇంకా రాలేదని తల్లి ఎడిత్ మంచం మీద కూర్చుని, ఇవాళ నేను విననా అంది. వద్దమ్మా అంది పిల్ల. తల్లి లేచి తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. నన్ను ప్రేమించమని నిన్ను బలవంతపెట్టలేను కదా అంది, కళ్లనీళ్లు పెట్టుకుంది. నిద్రపోయే ముందు పిల్లల చేత శ్లోకం చెప్పించే ఇళ్లలో ఇది ఎంత గుచ్చుకుంటుందో వేరే చెప్పాలా!

ఈ పేజీకి రాకముందే ఇల్లు తెలియాలి. అందుకే 1942 జూలై 9 నుంచి మొదలుపెట్టండి, ఆమ్‌స్టర్‌డామ్‌లో వాళ్లు దాక్కున్న చోటంతా ఆన్ ఆ పేజీలో గది గదిగా వర్ణించింది. పిల్లల చేత కాగితం మీద గీయించండి. కింద గిడ్డంగిలో పనిచేసేవాళ్లకి పైన మనుషులున్నారని తెలియకూడదు, కాబట్టి పగలంతా అడుగుల చప్పుడూ నీళ్ల చప్పుడూ వినపడకూడదు. ఎనిమిదిమంది. వాళ్లలో ఒకాయన, పళ్ల డాక్టరు, అదే ఏడాది నవంబరు నుంచి ఆన్ గదిలోనే. కోపమొస్తే తలుపు తీసుకుని వీధిలోకి పోయే వీల్లేని ఇల్లది. ఇది తెలియని పిల్లలు ఆన్‌ని వట్టి పెంకిపిల్ల అనుకుంటారు.

ఇంకోటి, ఆన్ వాళ్లు వలస వచ్చినవాళ్లే. జర్మనీలో పుట్టిన ఆన్ నాలుగేళ్లప్పుడు ఆమ్‌స్టర్‌డామ్ చేరింది. డచ్ భాష పిల్లలకి ఇట్టే పట్టుబడింది, తల్లికి కష్టమే అయింది. కూతురు తన మనసంతా ఆ డచ్‌లోనే రాసుకుంది.

పుస్తకం కొనేటప్పుడు 1991లో వచ్చిన విస్తృత ప్రతి తీసుకోండి. 1947లో మొదట అచ్చయినదాంట్లో తల్లి గురించిన కొన్ని మాటలు, ఆన్ తన శరీరం గురించి రాసుకున్నవి కొన్ని తండ్రి తీసేశాడు.

తేదీలు కూడా కలిపి చూడాలి. 1944 జనవరి 2న పాత పేజీలు తిరగేసి, అమ్మ గురించి ఇంత ద్వేషంగా రాశానా అని ఆన్ తనే నివ్వెరపోయింది. మార్చి 28న లండన్ నుంచి రేడియోలో డచ్ మంత్రి యుద్ధకాలపు డైరీలు, ఉత్తరాలు దాచిపెట్టమన్నాడు. అది విన్నాక మే 20న డైరీని విడి కాగితాల మీద తిరగరాయడం మొదలుపెట్టింది. 1943 నాటి అసలు నోటుపుస్తకం దొరకలేదు, ఆ ఏడాదికి మనకి మిగిలింది తిరగరాతే. అంటే పశ్చాత్తాపపడ్డాక కూడా తల్లి కన్నీళ్ల సంగతి ఆన్ కొట్టేయలేదు. ఆ రాత్రిని కావాలనే ఉంచింది.

ఎడిత్ 1945 జనవరి 6న ఆష్విట్జ్ అనే నాజీల నిర్బంధ శిబిరంలో చనిపోయింది. ఈ ముక్క పిల్లలకి ముందే చెప్పెయ్యాలని ఇన్నాళ్లూ అందరికీ గట్టిగా చెబుతూ వచ్చాను. కానీ ముందే చెబితే పిల్లలు ఆన్ కోపాన్ని కోపంగా చదవలేరు, తల్లి మీద జాలే మిగులుతుంది. తర్వాత చెబితే, కూతురి పక్షాన నిలబడనిచ్చి ఆ పైన తప్పు పట్టినట్టుంటుంది. తల్లి పక్షం తెలియాలని తాపత్రయపడేది పిల్లల కోసమో నా కోసమో ఇప్పుడు తేల్చి చెప్పలేను.