కౌలు అనే మాట

మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. పుట్టిందీ పెరిగిందీ గ్లాస్గోలోనే. తాతయ్య ఏం చేసేవారని అడిగితే "ఫార్మర్" అంటుంది. ఆ మాటలో దానికి కనిపించేది సొంత పొలం, పెద్ద ట్రాక్టరు. మా నాన్నకి సెంటు భూమి లేదు. కోనసీమలో ఇరవై ఏళ్లు కౌలుకి చేశారు. ఏటా వేసవిలో, ఈసారి పొలం ఇస్తారో ఇవ్వరోనని ఆసామి గుమ్మం ముందు నిలబడేవారు. ఈ సంగతి దానికి అర్థమయ్యేలా ఎలా చెప్పాలో నాకు తెలిసేది కాదు.

ఈ వేసవిలో స్కాట్లాండ్‌లోనే ఉన్న స్కై దీవికి వెళ్లాం. అక్కడి పెద్ద ఊరు పోర్ట్‌రీకి దక్షిణాన, రాసే దీవికి ఎదురుగా బ్రేజ్ అని చిన్న ఊరు. తెల్లటి ఇళ్లు దూరదూరంగా, ఇంటికో చెక్క నేల. దాన్నే క్రాఫ్ట్ అంటారు. ఆ చెక్క ఒక్కటే కడుపు నింపదు, పశువులకి కొండ మీద ఉమ్మడి బీడు కావాలి. వీళ్ల బీడు వెనకున్న బెన్ లీ కొండ. దాన్ని భూస్వామి లార్డ్ మక్డొనాల్డ్ వాళ్ల నుంచి తీసేసుకున్నాడు. కొండ తిరిగి ఇచ్చేదాకా కౌలు కట్టేది లేదన్నారు ఊరివాళ్లు. 1882 ఏప్రిల్‌లో ఖాళీ చేయమని నోటీసులు తెచ్చిన కోర్టు బంట్రోతు చేతే వాటిని తగలబెట్టించారు. గ్లాస్గో నుంచి యాభై మంది దాకా పోలీసులు దిగితే, ఆడవాళ్లు ముందు నిలిచి రాళ్లు రువ్వారు. రోడ్డు పక్కన ఇప్పటికీ దానికి గుర్తుగా రాళ్ల గుట్ట ఉంది. మా అమ్మాయి దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది.

మరుసటి ఏడు ఈ క్రాఫ్టుల రైతుల కష్టాల మీద విచారణకి వచ్చిన ప్రభుత్వ కమిషన్ మొదట కూర్చున్నది బ్రేజ్‌లోనే. అధ్యక్షుడు లార్డ్ నేపియర్. 1866 నుంచి 1872 దాకా మద్రాసు గవర్నరు, అంటే మా గోదావరి జిల్లాని ఏలినవాడే! అది చదివి కాసేపు అక్కడే ఉండిపోయాను. 1886లో చట్టం వచ్చింది: కౌలు సక్రమంగా కట్టే క్రాఫ్టరుని వెళ్లగొట్టడానికి లేదు.

ఆ రాత్రి మా అమ్మాయి తాతయ్యకి వీడియో కాల్‌లో అంతా చెప్పింది, సగం తెలుగులో, సగం ఇంగ్లీషులో.

"మరి కొండ దక్కిందా అమ్మలూ?"

"దక్కింది తాతయ్యా. కౌలుకి." ఆ మాట దాని నోట వినడం అదే మొదటిసారి.

"ఎన్నాళ్లకి?"

అది నా వైపు చూసింది. కొండ గడువు నాకూ తెలీదు, క్రాఫ్టు సంగతి చెప్పాను.

"నేల మాత్రం ఎప్పటికీ అంట తాతయ్యా. తర్వాత వాళ్ల పిల్లలకి కూడా."

నాన్న ఫోను అమ్మకిచ్చి అరుగు మీదికి వెళ్లిపోయారు.