ముత్యంపాకం దొరికిన ఊరు

పోర్చుగల్‌లోని పోర్తోలో మొదటి రాత్రి హోటల్ బిల్లు చూసి నలుగురికీ మనసు చివుక్కుమంది. మేం అడగని రొట్టె, ఆలివ్ కాయలు, జున్నుముక్క అన్నీ లెక్కలో ఉన్నాయి. దీన్ని వాళ్లు కూవెర్ అంటారు. కూర్చోగానే తెచ్చి పెడతారు, ఊరికే ఇస్తున్నారనుకుని చెయ్యి పెడతాం. అడగకుండా తెచ్చినదాన్ని ముట్టకపోతే డబ్బు తీసుకోకూడదని అక్కడి చట్టం. అందుకే వద్దనుకుంటే ముందే తీసేయమనండి. ఇంకోటి, మెనూలో "దోజ్" అని ఉంటే చాలాచోట్ల ఇద్దరు తినగలిగే పళ్లెం. "మేయా దోజ్" అంటే అందులో సగం, ఒక మనిషికి నిండుగా సరిపోతుంది. నలుగురు వెళితే రెండు దోజ్‌లు, రెండు సూపులు చెప్పి పంచుకోవడమే మేలు. ఖర్చు సగమవుతుంది, రుచులు రెట్టింపవుతాయి.

అలా పంచుకుని తిన్నవాటిలో బకల్యావ్ ఆ బ్రాష్ నాకు బాగా నచ్చింది. ఇది ఉప్పులో ఎండబెట్టిన కాడ్ చేప. వండేముందు ఒకటి రెండు రోజులు చల్లటి నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు మాటిమాటికీ మార్చాలి. మన ఎండుచేపలా గబగబా కడిగి పొయ్యెక్కిస్తే నోట పెట్టలేం. పీలికలు చేసిన చేపను ఉల్లిపాయలో మగ్గించి, అగ్గిపుల్లల్లా తరిగి వేయించిన బంగాళాదుంప కలిపి, చివర్లో గిలక్కొట్టిన గుడ్డు పోస్తారు. గుడ్డు పూర్తిగా గట్టిపడకముందే దించేయాలి. ఒక్క నిమిషం ఆలస్యమైతే మనింటి గుడ్డు పొరటులా పొడిపొడిగా అయిపోతుంది. రెండుచోట్ల తిన్నాం, ఒకచోట అలాగే అయింది.

పోర్తోలో మిగతా రెండు రోజులూ వానతోనే పోయాయి. నాలుగో రోజు సావ్ బెంతు స్టేషన్లో లోకల్ ఎక్కి అవైరో వెళ్లాం. గంట పైచిలుకు ప్రయాణం. అందరూ అక్కడికి పడవల కోసం వెళతారు. ఒకప్పుడు ఉప్పునీటి సరస్సులో నాచు ఏరి పొలాలకు ఎరువుగా మోసిన ఆ రంగురంగుల మొలిసైరు పడవల్లో ఇప్పుడు యాత్రికులను తిప్పుతున్నారు. ముప్పావుగంటకు చెబుతున్న ధర నాకు ఎక్కువనిపించింది. ఆ డబ్బు పెట్టి ఓవొష్ మోలెష్ తయారుచేసి చూపించే ఒక కార్ఖానాకు వెళ్లాం. ఆ ఊళ్లో మిగతా పొద్దంతా అక్కడే గడిచింది.

ఓవొష్ మోలెష్ అంటే "మెత్తటి గుడ్లు". పచ్చసొన, పంచదార, నీళ్లు, అంతే. ఐరోపా సమాఖ్య ప్రాంతీయ గుర్తింపు పొందిన అవైరో మిఠాయి ఇది. పుట్టింది సన్యాసినుల మఠాల్లో. దుస్తులకు గంజిపెట్టడానికి తెల్లసొన వాడేవారనీ, మిగిలిన పచ్చసొనలతో ఇలాంటి మిఠాయిలు పుట్టాయనీ అక్కడ అందరూ చెప్పే మాట. 1834లో మతసంఘాలను రద్దుచేశారు. సన్యాసినుల మఠాల్లో కొత్తవాళ్లను చేర్చుకోనివ్వలేదు, ఉన్నవాళ్లలో ఆఖరి ఆమె పోయేదాకా మఠం ఉండి తర్వాత మూతపడేది. వంటకాలు మాత్రం అక్కడ పనిచేసిన ఆడవాళ్ల చేతుల మీదుగా ఊళ్లోకి వచ్చాయి.

నన్ను ఆశ్చర్యపరిచింది పాకం. మనం తీగపాకం అంటామా, వాళ్లూ "పోంతు ద ఫియు" అంటారు, ఫియు అంటే దారమే. ఇంకాస్త మరిగితే "పోంతు ద పెరొలా", ముత్యంపాకం. గరిటె పైకెత్తితే జారే తీగ చివర చుక్క ముత్యంలా వేలాడుతుంది, థర్మామీటర్‌లో సుమారు 108 డిగ్రీలు. ఆ తర్వాతది "ఎష్త్రాదా", అంటే బాట. గరిటెతో గీస్తే గిన్నె అడుగున దారి కనబడాలి. అరిసెల కోసం బెల్లంపాకాన్ని నీళ్ల గిన్నెలో వేసి ఉండకట్టి చూసే మా అమ్మమ్మకు ఈ లెక్కలు ఎవరూ వివరించనక్కర్లేదు.

కొలత ఇది. పావుకిలో పంచదార, 100 మి.లీ. నీళ్లు, ఎనిమిది పచ్చసొనలు. ముత్యంపాకం రాగానే దించి గోరువెచ్చగా కానివ్వాలి. తొందరపడి వేడిమీద కలిపితే సొన విరిగి పలుకులు పలుకులవుతుంది, నీచువాసన కూడా వేస్తుంది. తెల్లసొన చారలేకుండా సొనలను జల్లెడలో వడగట్టాలి, తెల్లసొన ముందే ఉడికి పీచుల్లా తేలుతుంది. సొనల్లోకి పాకాన్ని సన్నటి ధారగా పోస్తూ కలిపి, సన్నటి సెగమీద అడుగు గీరుతూ కలుపుతూనే ఉండాలి. బాట కనబడగానే దించాలి. పాకం లేతగా ఉంటే మిశ్రమం జారిపోయి, దాన్ని పొదిగే పల్చటి పైరేకు నానిపోతుంది. ముదిరితే చల్లారాక పంచదార రవ్వకట్టి నాలుకకు గరగర తగులుతుంది.

ఆ పైరేకు క్యాథలిక్ చర్చిల్లో దివ్యసత్ప్రసాదంగా ఇచ్చే పల్చటి అప్పం లాంటిదే. గోధుమపిండి, నీళ్లు జారుగా కలిపి వేడి ఇనపపలకల మధ్య నొక్కుతారు. శంఖాలు, చేపలు, ఆలిచిప్పల గుంతలున్న రేకులో ముద్ద నింపి, పైన ఇంకో రేకు అతికించి నొక్కి, ఒక్కొక్కటి కత్తెరతో కత్తిరిస్తారు. కొరగ్గానే రేకు అంగుడికి అంటి కరిగిపోతుంటే నాకు ఆత్రేయపురమే గుర్తొచ్చింది. అక్కడ బియ్యప్పిండి, బోర్లించిన కుండ, తడిగుడ్డ; ఇక్కడ గోధుమపిండి, ఇనపపలక. తీపి మోయడానికి బరువులేని, రుచిలేని రేకు కావాలన్న ఆలోచన మాత్రం ఒకటే. పూతరేకులో నెయ్యి వాసన ముందుంటుంది, ఇందులో సొన వాసనే. రెండు తినేసరికి మొహం మొత్తింది, పక్కన చక్కెర వేయని కాఫీ చెప్పండి.

గుడ్డు తిని మాంసం తిననివాళ్లకు ఒక హెచ్చరిక. ఈ మిఠాయి ఫరవాలేదు, కానీ అక్కడి మిఠాయిలన్నీ ఇలా ఉండవు. బ్రాగా వైపు చేసే "అబాద్ ద ప్రీష్కుష్" పుడ్డింగులో పదిహేను పచ్చసొనలతో పాటు పందికొవ్వు ముక్క కూడా పాకంలో మరుగుతుంది. "బాన్యా" అన్నా, "తోసీన్యు" అన్నా పందికొవ్వే. కాల్దు వెర్ద్ అనే ఆకుకూర సూపులోనూ పైన సాసేజి చక్రం ఒకటి తేలుతుంది. అది తీసేయమంటే తీసేస్తారు, అయితే సూపు దేంతో మరిగించారో కూడా అడగాలి.

ఇంటికి తెచ్చుకోవాలంటే రెండు రకాలు. రేకుల్లో పెట్టినవి ఫ్రిజ్‌లో పెడితే తేమ పట్టి మెత్తబడతాయి, నలుగుతాయి కూడా. ఉత్త ముద్దను రంగులేసిన చిన్న కర్రపీపాలో అమ్ముతారు. మనం పీపా అనే మాట కూడా పోర్చుగీసువాళ్ల "పీపా" నుంచి వచ్చిందే. ప్రయాణానికి ఇదే నయం. కానీ ముద్దగా ఉంటుంది కాబట్టి విమానంలో చేతిసంచిలో పెడితే ద్రవాలకున్న 100 మి.లీ. నిబంధన కింద తనిఖీలో ఆపే అవకాశం ఉంది. పెద్ద పెట్టెలో బట్టల మధ్య పెట్టండి. కొనేటప్పుడే డబ్బా మీది గడువు తేదీ చూసుకోండి, ప్రయాణం ఆఖరి రెండు రోజుల్లో కొంటే మంచిది.