ఒక శాతం ఓట్లు, రెండు కుర్చీలు

బ్రిటన్ పాలనలో ఉన్న ఉత్తర ఐర్లండ్ రాజధాని బెల్‌ఫాస్ట్ వెళ్లొచ్చినవాళ్లు టైటానిక్ మ్యూజియం గురించీ, జెయింట్స్ కాజ్‌వే రాళ్ల గురించీ చెప్తారు. వాటి మీద ఇప్పటికే బోలెడు రాశారు కాబట్టి వదిలేస్తున్నాను. నా మనసులో నిలిచింది ఒక సిటీ బస్సు ప్రయాణం, దాని చివర ఒక మామూలు ప్రభుత్వ ఆఫీసు. 1998 శాంతి ఒప్పందం కుదిరింది అక్కడే. ఒక శాతం ఓట్లతో ఆ చర్చల్లో రెండు కుర్చీలు సంపాదించిన ఆడవాళ్ల కథ ఇది.

డబ్లిన్ నుంచి బస్సులో రెండున్నర గంటలు. సరిహద్దు దగ్గర గేటు లేదు. స్పీడు బోర్డులు కిలోమీటర్ల నుంచి మైళ్లలోకి మారాయంటే దాటేసినట్టే. అడగరు కదా అని వీసా లేకుండా మాత్రం బయల్దేరకండి. ఐర్లండ్‌లో ఉద్యోగం చేసుకునే మనవాళ్లకి అక్కడి రెసిడెన్స్ కార్డు ఉన్నా సరే, ఇటు రావాలంటే బ్రిటన్ వీసా ఉండాల్సిందే. ఇండియా నుంచి ఐర్లండ్ విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకైతే దాని మీద బీఐవీఎస్ (రెండు దేశాలకీ ఒకే వీసా పథకం) అని అచ్చయి ఉంటే చాలు. పక్క ఊరికి వెళ్లొచ్చినంత ప్రయాణానికి వంద పౌండ్లు దాటిన ఫీజు కట్టాలంటే ప్రాణం ఉసూరుమంటుంది.

ఊళ్లో ఎక్కాల్సింది జీ1 గ్లైడర్ అనే సిటీ బస్సు. టికెట్ బస్సులో ఇవ్వరు, స్టాపులో ఉన్న మెషిన్ దగ్గర ముందే తీసుకోవాలి. పడమటి వైపు క్యాథలిక్ పేటల్లో బయల్దేరి, ఫాల్స్ రోడ్డు మీదుగా సిటీ సెంటర్‌కి వచ్చి, లగాన్ నది దాటి, తూర్పున ప్రొటెస్టెంట్ పేటల గుండా స్టార్మాంట్ వైపు పోతుంది. ఐర్లండ్‌లో కలవాలనే క్యాథలిక్‌లు, బ్రిటన్‌తోనే ఉండాలనే ప్రొటెస్టెంట్లు ముప్పై ఏళ్లు ఒకరినొకరు చంపుకున్నారు. ఆ రెండు పక్షాల ఇళ్లూ, వాళ్లు సంధి కుదుర్చుకున్న చోటూ ఒకే టికెట్ మీద చూడొచ్చు.

ఆండర్సన్స్‌టౌన్ దగ్గర ఫినగీ రోడ్ నార్త్ మలుపు వస్తుంది. 1976 ఆగస్టు 10న బ్రిటిష్ సైనికులు వెంటాడుతున్న ఐఆర్‌ఏ (క్యాథలిక్ పక్షపు సాయుధ సంస్థ) కారు, డ్రైవర్‌కి తూటా తగిలి అదుపు తప్పి, ఈ రోడ్డు మీద నడిచి వెళ్తున్న తల్లీపిల్లల మీదకి దూసుకుపోయింది. ముగ్గురు పిల్లలు పోయారు. ఆ దుర్ఘటన చూసి బెట్టీ విలియమ్స్ ఇంటింటికీ తిరిగి సంతకాలు పట్టింది. ఆ తల్లి తోబుట్టువు మైరీడ్ కొరిగన్ ఆమెతో చేయి కలిపింది. రెండు మతాల ఆడవాళ్లూ వేలల్లో కలిసి నడిచారు. 1976 నోబెల్ శాంతి బహుమతి ఆ ఇద్దరిదే. అయినా ఇరవై ఏళ్ల తర్వాత అసలు చర్చలకి వేళయ్యేసరికి, ఊరేగింపుల్లో ముందు నడిచిన ఆడవాళ్లకి బల్ల దగ్గర చోటు లేదు.

ఆ చోటు ఎలా దొరికిందో ఇక్కడి బ్లాక్ టాక్సీ టూర్లలో చెప్తారనుకున్నాను. టాక్సీకి ఇంత అని లెక్క కాబట్టి ఒక్కరే వెళ్తే మొత్తం భారం మన మీదే పడుతుంది. అంత పోస్తే చూపించింది గోడల మీద తుపాకులు పట్టుకున్న మగవాళ్ల బొమ్మలు. ఆడవాళ్ల సంగతి గైడు ఎత్తనే లేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

1996లో చర్చలకి ఎవరు రావాలో తేల్చడానికి ఎన్నిక పెట్టారు. మొత్తం 110 సీట్లు. 18 నియోజకవర్గాల్లో అయిదేసి చొప్పున 90. మిగిలిన 20 సీట్లు, మొత్తం ఓట్లలో మొదటి పది స్థానాల్లో ఉన్న పార్టీలకి తలా రెండు. కాల్పుల విరమణ నిలవాలంటే బ్రిటన్ పక్షాన తుపాకులు పట్టిన లాయలిస్టు ముఠాలకి దగ్గరైన చిన్న పార్టీలు కూడా లోపల ఉండాలి. వాటిని తేవడానికే ఈ వెసులుబాటు. స్త్రీలని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. జాబితాల్లో ఆడవాళ్లకి చోటివ్వమని పార్టీలని అడిగి లాభం లేకపోయాక, మహిళా సంఘాలవాళ్లు ఈ నిబంధన చదివి, మనమే పార్టీ పెడితే పోలేదా అనుకున్నారు. అలా పుట్టింది నార్తర్న్ ఐర్లండ్ విమెన్స్ కోయలిషన్. చేతిలో ఉన్నది సుమారు ఆరు వారాలు.

వాళ్ల లెక్క చూడండి. పదిలో ఒకరం కావాలంటే ఏ ఒక్క నియోజకవర్గంలోనూ గెలవక్కర్లేదు, అన్ని చోట్లా కొన్ని కొన్ని ఓట్లు పోగైతే చాలు. అందుకని 70 మందిని జాబితాల్లో నిలబెట్టారు. మే 30న వచ్చినవి 7,731 ఓట్లు, అంటే 1.03 శాతం. సగటున ఒక్కొక్కరి వాటా 110 ఓట్లే. అయినా తొమ్మిదో స్థానం, రెండు సీట్లు. క్యాథలిక్ కుటుంబం నుంచి వచ్చిన అధ్యాపకురాలు మోనికా మెక్‌విలియమ్స్, తూర్పు బెల్‌ఫాస్ట్ ప్రొటెస్టెంట్ అయిన సామాజిక కార్యకర్త పెర్ల్ సేగర్ ఆ కుర్చీల్లో కూర్చున్నారు. మన పంచాయతీల్లో సీటు ముందు రిజర్వు అవుతుంది, తర్వాత మనిషిని వెతుకుతారు. ఇక్కడ మనుషులు ముందే సిద్ధంగా ఉన్నారు, సీటు ఏ సందులోంచి వస్తుందో వాళ్లే పట్టుకున్నారు.

స్టార్మాంట్ స్టాపులో దిగితే పార్లమెంట్ భవనం దాకా తిన్నటి రోడ్డు, దాదాపు ఒక మైలు, ఎత్తెక్కుతూ పోతుంది. మధ్యలో బ్రిటన్‌తోనే ఉండాలన్న యూనియనిస్టుల నాయకుడు ఎడ్వర్డ్ కార్సన్ విగ్రహం, చెయ్యి పైకెత్తి. పైకి చేరి తెల్లటి స్తంభాల ముందు ఫోటోలు దిగేవాళ్లు చర్చలు అక్కడే జరిగాయనుకుంటారు. కాదు. అదే ఆవరణలో ఒక పక్కన ఉన్న కాజిల్ బిల్డింగ్స్‌లో జరిగాయి. ఇప్పుడది ఆరోగ్య శాఖ ఆఫీసు. సందర్శకులకి ప్రవేశం లేదు, బయటి నుంచి చూడటమే. ఆ నిరాశ నాకు కాసేపు వదల్లేదు.

1996 జూన్ 10 నుంచి 1998 ఏప్రిల్ 10 దాకా అమెరికా మాజీ సెనేటర్ జార్జ్ మిచెల్ అధ్యక్షతన చర్చలు నడిచాయి. ఎన్నికైన సభలో ఈ ఆడవాళ్లు లేచి మాట్లాడితే కొందరు సభ్యులు ఆవుల్లా అరిచేవాళ్లు. వాళ్లు మాత్రం పని మానలేదు. ఏ విషయం మీదైనా రెండు నేపథ్యాలవాళ్లూ కలిసి మాట్లాడుకున్నాకే బల్ల దగ్గరికి కాగితం తీసుకెళ్లేవాళ్లు. ఐఆర్‌ఏకి రాజకీయ ముఖమైన షిన్ ఫేన్‌ని చర్చల బయట పెట్టినప్పుడూ ఆ పార్టీతో మాటలు ఆపలేదు. చివరికి కుదిరిన గుడ్ ఫ్రైడే ఒప్పందంలో బాధితుల గురించి, రెండు మతాల పిల్లలూ కలిసి చదివే బడుల గురించి, కలిసి ఉండే ఇళ్ల గురించి, రాజకీయాల్లో స్త్రీల పూర్తి సమాన భాగస్వామ్య హక్కు గురించి వాక్యాలున్నాయంటే, వాటి వెనక వీళ్ల పట్టుదల ఉంది. అసెంబ్లీకి సలహా ఇవ్వడానికి 60 మందితో పౌర వేదిక అన్న ఆలోచన కూడా వాళ్లదే.

తర్వాత ఏమైందో కూడా చెప్పాలి. కొత్త అసెంబ్లీకి నియోజకవర్గానికి ఆరుగురు చొప్పున 108 సీట్లు పెట్టారు, మొదటి పది పార్టీలకి రెండేసి అన్న వెసులుబాటు తీసేశారు. 1998లో రెండు సీట్లు గెలిచారు గానీ 2003లో రెండూ పోయాయి. 2006లో పార్టీ మూతపడింది. పౌర వేదిక 2002లో అసెంబ్లీతో పాటే ఆగి, మళ్లీ లేవలేదు. పోలీసు సంస్కరణల్లో 2001 నుంచి 2011 దాకా క్యాథలిక్‌లు సగం, మిగతావాళ్లు సగం అని నియామకాలు చేశారు. స్త్రీలకి అలాంటి వాటా పెట్టలేదు. స్త్రీలు, శాంతి, భద్రతల మీద భద్రతా మండలి 2000 అక్టోబర్ 31న 1325వ తీర్మానం చేశాక కూడా, బ్రిటన్ కార్యాచరణ ప్రణాళిక చాలా ఏళ్లపాటు విదేశీ యుద్ధాల గురించే మాట్లాడింది, సొంత ఇంట్లోని ఈ ప్రాంతాన్ని పక్కన పెట్టేసింది. నాకు బాగా కోపం తెప్పించింది ఇదే.

తిరుగు ప్రయాణంలో ఫాల్స్ వైపు దిగి లానార్క్ వే గేటు దాకా నడిచాను. ఇటు క్యాథలిక్‌ల ఫాల్స్, అటు ప్రొటెస్టెంట్ల షాంకిల్, మధ్యలో గోడ. 1990ల చివర్లో ఇలాంటి గోడల దగ్గర కమ్యూనిటీ కార్యకర్తలు, వాళ్లలో ఎందరో స్త్రీలు, రెండు వైపులా మొబైల్ ఫోన్లు పెట్టుకుని కాపలా మొదలుపెట్టారు. ఇటు నుంచి రాయి పడిందంటే అటువాళ్లు వెంటనే ఫోన్ చేస్తారు: విసిరింది ఎవరు, పిల్లలా పెద్దలా, ఎంతమంది ఉన్నారు? ఇటువాళ్లు వెళ్లి ఆ పిల్లలని ఇంటికి పంపించి, పంపించామని తిరిగి చెప్తారు. ఆ రెండో ఫోన్ చెయ్యకపోతే అటు వైపు పుకారు లేచి మనుషులు పోగవుతారు.

రాత్రిపూట ఆ గేటు మూసేస్తారు. రెండు వైపులా చూడాలనుకుంటే పగలే వెళ్లండి. లేకపోతే చుట్టూ తిరిగి రావాలి.