నొప్పి మోకాల్లో, జబ్బు తుంటిలో

నాకు 13 ఏళ్లప్పుడు ఎడమ మోకాలికి కొంచెం పైన, తొడ లోపలివైపు నొప్పి మొదలైంది. నాలుగు నెలలు మోకాలికే వైద్యం చేశారు. రెండుసార్లు ఎక్స్‌రే తీశారు, రెండుసార్లూ బాగానే ఉందన్నారు. మోకాలు నిజంగానే బాగుంది మరి. నేను కాస్త బొద్దుగా ఉండేవాణ్ణి కాబట్టి ఒళ్లు తగ్గితే అదే పోతుందని ఒకాయన చెప్పి పంపాడు. నాన్నయితే బడి ఎగ్గొట్టడానికి కుంటుతున్నానేమోనని కొన్నాళ్లు అనుమానపడ్డారు. ఆ విషయం ఎత్తితే ఇప్పటికీ మాట మార్చేస్తారు.

చివరికి చూసిన పిల్లల ఎముకల డాక్టరు గారు మోకాలిని పట్టించుకోలేదు. పడుకోబెట్టి, నా కాలు మడిచి పొట్ట వైపు నెట్టారు. మోకాలు తిన్నగా ఛాతీ మీదికి రావాలి కదా, రాలేదు. దానంతటదే బయటికి వాలిపోయింది. నేను వాల్చలేదు. బూటు లేసు కట్టుకునేటప్పుడు కూడా కాలు అలాగే పక్కకి పోయేదని అప్పుడు గుర్తొచ్చింది.

రెండు తుంటిలకీ ఎక్స్‌రే తీయించారు, ఒకటి మామూలుగా, ఒకటి కప్పలా మోకాళ్లు రెండూ బయటికి వాల్చి. తొడ ఎముక పైకొసన బంతిలాంటి తల, దాని కింద సన్నటి మెడ ఉంటాయి. ఫిల్ము మీద స్కేలు పెట్టి, ఆ మెడ పై అంచు వెంట పెన్సిలుతో గీత గీశారు. కుడివైపు గీత బంతి అంచుని కోసుకుంటూ పోయింది. ఎడమవైపు బంతిని తాకకుండానే దాటిపోయింది. జబ్బు పేరు స్లిప్డ్ క్యాపిటల్ ఫెమోరల్ ఎపిఫిసిస్. ఎదిగే వయసులో తొడ ఎముక తలకీ మెడకీ మధ్య మెత్తటి ఎదుగుదల పొర ఉంటుంది. అది బలహీనపడితే తల తాను కూర్చునే తుంటి గిన్నెలోనే ఉండిపోతుంది, మెడ జారుతుంది. తుంటికీ మోకాలికీ ఒకే నరం కొమ్మలు వెళ్తాయి కాబట్టి నొప్పి మోకాల్లో తెలుస్తుంది.

వెంటనే చక్రాల కుర్చీ తెప్పించారు. నడిచి వచ్చినవాణ్ణి ఒక్క అడుగు కూడా వేయొద్దన్నారు! ఎందుకో పెద్దయ్యాక చదివితే అర్థమైంది. 1993లో లోడర్ అనే ఎముకల డాక్టరు బృందం ఈ జబ్బు మీద ప్రచురించిన లెక్కలో, చేతికర్రలతో కూడా నడవలేని స్థితికి వచ్చిన 30 తుంటిలలో 14కి రక్తం అందక ఎముక తల దెబ్బతింది. నడవగలిగిన 25లో ఒక్కదానికీ అలా కాలేదు. నేను రెండో గుంపులో ఉన్నాను. నాలుగు నెలలు ఆడుతూ తిరిగి మొదటి గుంపులోకి జారిపోకపోవడం ఒట్టి అదృష్టం.

మర్నాడు ఆపరేషన్. తొడ పక్కన చిన్న గాటు, ఒకే ఒక్క స్క్రూ. "జారినదాన్ని వెనక్కి నెట్టరా?" అని అమ్మ అడిగింది. బలవంతంగా నెడితే తలకి రక్తం తెచ్చే నాళాలు దెబ్బతినొచ్చని, నాలాంటి జారుడుని ఉన్నచోటే బిగిస్తామని చెప్పారు. రెండో తుంటికి ముందుజాగ్రత్తగా స్క్రూ వేయాలా వద్దా అన్నదానిపై డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. నాకు వేయలేదు. ఎదుగుదల ఆగేదాకా కొన్ని నెలలకోసారి ఎక్స్‌రే. ఫిల్ము చేతికొచ్చేదాకా ఇంటిల్లిపాదికీ టెన్షన్.

ఆరు వారాలు చంకకర్రలు. బరువు చంకల మీద కాదు, అరచేతుల మీద వేయాలని నేర్చుకునేలోపే చంకలు ఒరుసుకుపోయాయి. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్రలూ జబ్బు కాలూ ముందు. ఇది మాత్రం ఫిజియోథెరపిస్టు గారు బట్టీ పట్టించారు.

ఇప్పుడు 27 ఏళ్లు. స్క్రూ లోపలే ఉంది. గొంతుకూర్చుంటే గజ్జల్లో పట్టేస్తుంది. జారినచోట మిగిలిన గడ్డలాంటి ఎముక గిన్నె అంచుకి తగులుతోందని ఎమ్మారైలో తేలింది, ఇంపింజ్‌మెంట్ అంటారు. ప్రస్తుతానికి వ్యాయామాలు చాలన్నారు. స్నానం చేసి బయటికి వస్తే నేల మీద తడి అడుగుల్లో కుడి పాదం తిన్నగా ఉంటుంది, ఎడమది పక్కకి తిరిగి.