కొటేషన్ల లాగ్, ఏడో విడత: 499 కిలోల ఇనుము దొరికింది

దొరికింది! మేం కట్టించబోయే ఇంటికి వచ్చిన కొటేషన్లని నా లెక్కతో సరిచూసుకుంటున్న లాగ్ ఇది. స్టీలు దగ్గర ఒక బిల్డరు లెక్కకీ నా లెక్కకీ మధ్య తేలకుండా మూడు వారాలుగా నన్ను పీడిస్తున్న 499 కిలోల ఇనుము నిన్న రాత్రి పదకొండున్నరకి దొరికింది. దొరికిన చోటు చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వరసగా చెబుతాను.

కిందటి విడతలో ఆగిన చోటు: ముగ్గురు బిల్డర్లు (ఎ, బి, సి అనుకుందాం), మూడు కొటేషన్లు, ఏ రెండిటికీ పొంతన లేదు. ఎ ఇచ్చింది ఒక్క పేజీ. చదరపు అడుగు రేటు, కింద సంతకం, అంతే. సి కూడా చదరపు అడుగు లెక్కే, కాకపోతే వెనక ఆరు పేజీల స్పెసిఫికేషన్ ఉంది. బి మాత్రం పునాది తవ్వకం నుంచి పిట్టగోడ దాకా ఏ పనికి ఎంత పరిమాణమో 140 వరసల్లో రాసిచ్చారు.

విస్తీర్ణం గొడవ ఒక్క సాయంత్రంలో తేలిపోయింది. సి రేటు ఎ రేటు కన్నా 6 శాతం ఎక్కువ. ఇల్లు రెండంతస్తులు కలిపి 1,800 చదరపు అడుగులు, బాల్కనీలూ పోర్టికో ఇంకో 212. ఆ 212ని ఎ పూర్తిగా కలిపారు, సి సగమే కలిపారు. అంటే ఎ లెక్క 2,012 మీద, సి లెక్క 1,906 మీద. గుణించి చూస్తే ఎ మొత్తం 100 అనుకుంటే సి 100.4. ఆరు శాతం తేడా ఆవిరి! ఏ గోడ నుంచి ఏ గోడకి కొలిచారో చెప్పకుండా చదరపు అడుగు రేటు చెప్పడం తూకం రాళ్లు చూపించకుండా తూచడమే అని నా అభిప్రాయం.

కాంక్రీటు కూడా కుదిరింది. శ్లాబులు రెండూ కలిపి 167 చదరపు మీటర్లు, మందం 125 ఎంఎం, నాకు 20.9 ఘనపు మీటర్లు వచ్చింది, బి 21 రాశారు.

మిగిలింది స్టీలు. అదే ఏడిపించింది.

ఎ మొత్తం 100 అన్న అదే లెక్కలో బి మొత్తం 111. ఎక్కడ ఎక్కువైందా అని వరసలన్నీ తిరగేస్తే స్టీలు దగ్గర నా లెక్క 6,300 కిలోలు, ఆయనది 7,400. పదకొండు వందల కిలోల తేడా! మొదట మనసులో అనుకున్న మాట ఇక్కడ రాయలేను. తర్వాత నా షీటే తప్పేమోనని మొదటి నుంచీ మళ్లీ వేసుకొచ్చాను.

తప్పే. మొదటిది ల్యాపులు, అంటే ఊచకి ఊచ అతికేచోట ఒకదాని పక్కన ఒకటి కలిసి నడిచే పొడవు. ఊచలు 12 మీటర్లే వస్తాయన్న సంగతి తెలిసీ కాలమ్ ఊచల్ని ఏకబిగిన పైకి లాగేశాను. 14 కాలమ్‌లు, ఒక్కోదాంట్లో 16 ఎంఎం ఊచలు ఆరు, రెండు చోట్ల అతుకు: మొత్తం 168 ల్యాపులు. వ్యాసానికి 50 రెట్లు అంటే ఒక్కోటి 0.8 మీటర్లు. 134 మీటర్లు, మీటరుకి 1.58 కిలోల చొప్పున 212 కిలోలు. బీముల్లో ఇంకో 32.

రెండోది రింగులు, అంటే కాలమ్, బీము ఊచల చుట్టూ కట్టే చట్రాలు. చుట్టుకొలత వేసి, కొనల్లో లోపలికి వంచే కొక్కేలు మర్చిపోయాను. 8 ఎంఎం రింగుకి రెండు కొనలూ కలిపి 160 ఎంఎం. ఒక రింగుకి పట్టించుకోనక్కర్లేదు అనిపిస్తుంది, కానీ ఇంట్లో మొత్తం 1,850 రింగులు. 296 మీటర్లు, 117 కిలోలు. కొక్కేల బరువే ఒక మనిషి బరువు దాటిపోయింది!

వీటి మీద కోత తరుగు 3 శాతం, 200 కిలోలు. శ్లాబులో పై ఊచల్ని నిలబెట్టే ఇనప కుర్చీలకి 40 కిలోలు. ఇప్పటికి 6,901. ఇంకా 499 మిగిలాయి.

ఇక్కడే పదిహేను రోజులు ఆగిపోయాను. తూకపు బరువుకీ లెక్క బరువుకీ తేడా వేశారేమో అనుకున్నాను. అలా అయితే అన్ని సైజుల్లోనూ కొంచెం కొంచెం పెరగాలి, 7 శాతం దాకా ఎందుకు వస్తుంది? తర్వాత ఫుటింగుల (కాలమ్‌ల కింది పునాది దిమ్మల) జాలీ రెండుసార్లు పడిందేమో అనుకున్నాను. ఒక్కో ఫుటింగుకి అటు 11, ఇటు 11 ఊచలు, 12 ఎంఎం, ఊచ 1.6 మీటర్లు: 31.3 కిలోలు. పద్నాలుగింటికి 438. దగ్గరే, ఆశ కూడా పుట్టింది. కానీ ఇంకా 61 కిలోలు మిగిలాయి, పైగా ఆయన జాబితాలో ఫుటింగులు ఒకే వరసలో ఉన్నాయి. రెండు రోజులు ఆ 61 కోసం వెతికి వదిలేశాను.

నిన్న రాత్రి ఊరికే సైజువారీగా విడగొట్టి చూశాను. ఇది మొదటి రోజే చేయాల్సిన పని, మొత్తం టన్నులు చూసుకుంటూ కూర్చున్నాను. 12, 16 సరిపోయాయి. నా దగ్గర 8 ఎంఎం ఎక్కువ, ఆయన దగ్గర 10 ఎంఎం ఎక్కువ! శ్లాబులో 150 ఎంఎం దూరానికి ఒక ఊచ అంటే చదరపు మీటరుకి 6.67 మీటర్లు, 167 చదరపు మీటర్లకి 1,114, రెండు వైపులా 2,228. 10 ఎంఎం ఊచకీ 8 ఎంఎం ఊచకీ మీటరు దగ్గర తేడా 0.222 కిలోలు. 495! దాని మీద తరుగు కలిపితే 510, అంటే ఇప్పుడు 11 కిలోలు నా వైపే ఎక్కువ. ఏడు టన్నుల మీద పదకొండు కిలోలకి నిద్ర పాడుచేసుకోను.

పొద్దున్నే ఫోన్ చేసి, కొంచెం గొంతు పెంచే అడిగాను, శ్లాబుకి 10 ఎంఎం ఎందుకు వేశారని. ఆయన తాపీగా, "మీరు పంపిన డ్రాయింగులో అదే ఉందండీ" అన్నారు.

మెయిల్ తీసి చూస్తే నిజమే. బికి నేను పంపింది రివిజన్ 0, అంటే మార్పులకి ముందున్న డ్రాయింగు. ఇంజనీరు ఊచల్ని 8 ఎంఎంకి మార్చింది రివిజన్ 1లో, నేను లెక్క వేసుకున్నది దాని మీద. రెండు ఫైళ్లకీ ఒకే పేరు పెట్టి చివర "ఫైనల్", "ఫైనల్ కొత్తది" అని రాసుకున్న ఘనుణ్ని నేనే. క్షమాపణ చెప్పాను. ఆయన నవ్వేశారు, అదింకా సిగ్గనిపించింది.

ఇంతా చేస్తే దీని విలువ ఎంత? బి కొటేషన్లో స్టీలు 18 శాతం. అందులో 7 శాతం తగ్గితే మొత్తం మీద దాదాపు 1.2. అంటే 111 కాస్తా 109.6 అయింది. మూడు వారాల వేటకి వచ్చింది ఇది! అసలు తేడా ఇంకా అక్కడే కూర్చుని ఉంది.

అయినా ఒక లాభం ఉంది. సి స్పెసిఫికేషన్లో "చదరపు అడుగుకి 4 కిలోల స్టీలు" అన్న వరసని ఇన్నాళ్లూ మెచ్చుకుంటూ వచ్చాను. 1,906 మీద అది 7,624. ఇప్పుడు బి 7,400లోంచి ఆ 510 తీసేస్తే నా చేతిలో 6,890 అనే అంకె ఉంది, అంటే 734 కిలోలు ఎక్కువ వేసుకున్నారు. దాటితే అదనపు డబ్బు మనం ఇవ్వాలని రాశారు. తగ్గితే వెనక్కి ఇచ్చే మాట ఎక్కడా లేదు. ఎ పేజీలో స్టీలు అన్న మాటే లేదు, తప్పు పట్టడానికైనా ఏమీ దొరకదు. ఖరీదు ఎక్కువైనా నా మనసు బి వైపు మొగ్గుతోంది. 140 వరసలు రాసిన మనిషితో పోట్లాడొచ్చు, ఒక్క వరస రాసినాయనతో ఎలా పోట్లాడతాం?

పనిముట్ల సంగతి: గూగుల్ షీట్స్ నుంచి ఎక్సెల్‌కి మారిపోయాను, పెద్ద పట్టికలో నా చేతికి అదే అలవాటు. స్థలంలో కొలతలకి బాష్ లేజర్ (దూరం కొలిచే పరికరం) హాయిగా ఉంది. తెర మీద పీడీఎఫ్‌ని కొలవడం మాత్రం మానేశాను, డ్రాయింగులో రాసిన అంకెలే వాడుతున్నాను.

తర్వాతి పని ఆ 9.6 శాతం. అది పరిమాణాల్లో ఉందని ఇప్పుడు అనుకోవట్లేదు, ఎ, సి రాయకుండా వదిలేసిన పనుల్లో ఉండాలి. సంపు, పిట్టగోడ, తవ్విన మట్టి తరలింపు, తాత్కాలిక కరెంటు, డాబా మీద నీరు ఇంకకుండా చేసే పూత. బి 140 వరసల్ని తీసుకుని ఎ, సిల కోసం పక్కన రెండు గడులు పెడుతున్నాను. ఒక్కో గడిలో మూడే జవాబులు: ఉంది, లేదు, రాయలేదు. "అన్నీ కలిపే సార్" అంటే "రాయలేదు" కిందే పడుతుంది. ఎ అడుగుతున్న వాయిదాలు కూడా చూడాలి. ప్లింత్ (ఇంటి నేల మట్టం దాకా పునాది) అయ్యేసరికి 40 శాతం అడుగుతున్నారు, బి వరసల ప్రకారం అప్పటికి అయ్యే పని 17 శాతమే.

ముగ్గురికీ రివిజన్ 1 మళ్లీ పంపాను, ఈసారి ఫైలు పేరులో తేదీతో. మెట్ల స్టీలు నా షీట్లో ఇంకా ఉజ్జాయింపు అంకే, ఆదివారం దాని పని పట్టాలి.